సభకు వచ్చినవారు ఏమి తీసుకుపోతారు? (బెజవాడ, కాకినాడ మహాసభల ముచ్చట)



వార్షిక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు ఏ విషయం తీసుకోవాలా అని ఆలోచించాను. గోల్కొండ నవాబుల గురించి, టిప్పూ సుల్తాన్ గురించి, సర్ సయ్యద్ గారి గురించి ఇలాంటి సంచికల్లో చాలామంది వ్రాశారు, ఇంకా వ్రాస్తారు. నాకు మాత్రం సభల గురించే వ్రాయాలనిపించింది. మనం ఏటేటా సభ జరుపుకుంటాము. షామియానా వేయిస్తాము, మైకు పెట్టిస్తాము, కిరాత్‌తో మొదలు పెడతాము. అతిథులకు శాలువాలు కప్పుతాము, పిల్లలకు బహుమతులు ఇస్తాము, చివరికి దస్తర్‌ఖాన్ పరుస్తాము. మరునాడు ఎవరినైనా “నిన్న జల్సాలో ఏం చెప్పారు భాయీ?” అని అడిగి చూడండి. “బిర్యానీ బాగుంది” అంటారు. తప్పు వారిది కాదు. వారి చేతికి మనం ఇచ్చింది అదొక్కటే.

కాని కొన్ని సభలు జరిగి నూరేళ్లు దాటినా జనం నోట్లో నానుతూనే ఉన్నాయి. అటువంటివి రెండు మన తెలుగు గడ్డ మీదనే జరిగాయి. ఒకటి 1921లో బెజవాడలో, అంటే మన తుళ్లూరుకు కృష్ణ అవతలి గట్టున. రెండవది 1923లో కాకినాడలో. రెండింటిలోనూ మన సమాజానికి సంబంధించిన సంగతులు చాలా ఉన్నాయి. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఇవి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టబడ్డాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాము.

దానికి ముందు పాతకాలపు సభలు ఎట్లా ఉండేవో ఒక మాట. 1901లో కలకత్తాలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గాంధీ గారు ఒక మామూలు ప్రతినిధిగా ఆ సభకు పోయారు. అప్పటికి ఆయనను గుర్తు పట్టేవారు తక్కువ. ఆయన తన ఆత్మకథలో ఆ సభ ఏర్పాట్ల గురించి నిర్మొహమాటంగా వ్రాశారు. వాలంటీర్లు ఉన్నారు, కాని ఒక పని చెబితే రెండో వాడికి చెప్పేవారు, వాడు మూడో వాడికి చెప్పేవాడు. మరుగుదొడ్ల దగ్గర కాలు పెట్టే వీలు లేదు. అదేమిటని అడిగితే అది మా పని కాదు, పాకీవాళ్ల పని అన్నారట. ఆయన చీపురు తెప్పించుకొని తనకు కావలసిన మేరకు తానే శుభ్రం చేసుకున్నారు. పెద్ద పెద్ద ఉపన్యాసాలు జరిగిన ఆ సభలో ఆయనకు గుర్తుండిపోయింది ఇది. మెహమాన్ కంటికి ఏది ఆనుతుందో మేజ్బాన్‌కు ఒక్కొక్కసారి అసలు తెలియనే తెలియదు.

అదే సంవత్సరం, 1901లోనే, మన మద్రాసులో ముస్లిం విద్యా మహాసభ జరిగింది. సర్ సయ్యద్ అహమద్ ఖాన్ గారు 1886లో అలీగఢ్‌లో దీనిని స్థాపించారు. ఆయన పెట్టిన పద్ధతిలో ఒక మంచి సంగతి ఉంది. సభ ఒకే చోట కూర్చోలేదు. ఒక్కొక్క సంవత్సరం ఒక్కొక్క ఊరికి పోయింది. చదువు కావలసిన జనం అలీగఢ్‌కు రాలేరు కాబట్టి చదువు మాటే వారి ఊరికి పోవాలన్నది దాని భావం. అప్పట్లో గుంటూరు జిల్లా అన్నదే లేదు, 1904లో ఏర్పడింది. మన ప్రాంతం అంతా మద్రాసు రాజధానిలోనే ఉండేది.

ఇక బెజవాడకు వద్దాము. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అక్కడ జరిగింది. ఇది ఏటా డిసెంబరులో జరిగే మహాసభ కాదు, నాయకుల కమిటీ సమావేశం మాత్రమే. అయినా చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం విరగబడి వచ్చారు. సహాయ నిరాకరణ, ఖిలాఫత్ ఉద్యమాలు జంటగా సాగుతున్న రోజులు అవి. అప్పటికి ప్రకాశం బ్యారేజి లేదు, అది 1957లో వచ్చింది. కృష్ణ మీద ఉన్నది 1893 నాటి రైలు వంతెన. మన వైపు వారికి పడవలే దారి. మార్చి ఆఖరు అంటే ఎండ ఎట్లా ఉంటుందో, మిరపకాయలు కల్లాల్లో ఆరబోసుకొని కాపలా కాసే మనకు వేరే చెప్పాలా? ఆ ఎండలో వేలకు వేల మంది ఒక ఊరికి చేరితే నీళ్లు ఎక్కడ, నీడ ఎక్కడ, తొక్కిసలాట జరగకుండా చూసేది ఎవరు?

అక్కడ పేరు తెచ్చుకున్నది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు. గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో చదివి వచ్చిన పండితుడు. పల్లెటూరి యువకులను పోగు చేసి, కాషాయ దుస్తులు తొడిగి, క్రమశిక్షణ నేర్పి ఒక సేవాదళం తయారు చేశారు. బెజవాడలో జనాన్ని అదుపులో ఉంచింది ఈ దండే. పేరు చూస్తే హిందూ మతానికి సంబంధించినది. కాని సభకు వచ్చినవాడు ఏ మతం వాడని చూసి దారి చూపించడం అన్నది సేవ అనిపించుకోదు కదా. ఇదే గోపాలకృష్ణయ్య గారు ఆ సంవత్సరమే చీరాల–పేరాల ప్రజలను ఊరు విడిపించి రామనగర్‌లో పాకలు వేయించిన మనిషి. సభలో నేర్చిన కట్టుబాటు అక్కడ అక్కరకు వచ్చింది. వాలంటీరు అంటే జేబుకు రిబ్బను పువ్వు గుచ్చుకొని స్టేజీ పక్కన నిలబడేవాడు అనుకునే మన కుర్రవాళ్లు ఈ సంగతి ఒకసారి చదివితే మంచిది.

బెజవాడ సమావేశంలో తీర్మానించింది ఏమిటి? తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు. గడువు జూన్ 30. చూడండి, ఎంత తేలికగా గుర్తుండే లెక్కలో! ఇంటికి పోయినవాడు తన భార్యకు కూడా ఒక్క ముక్కలో చెప్పగలడు. ఇంట్లో రాట్నం పెడితే తానూ ఆ లెక్కలో ఒకడు అవుతాడు. మన సభల్లో చేసే తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో పడుకుంటాయి. ఆ పుస్తకం సెక్రటరీ గారి బీరువాలో పడుకుంటుంది.

కాని బెజవాడను దేశమంతా నేటికీ తలచుకునేది జెండా వల్ల. పింగళి వెంకయ్య గారు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో పని చేశారు. పత్తి రకాల మీద, ముఖ్యంగా కంబోడియా పత్తి మీద చేసిన కృషి వల్ల ఆయనను ‘పత్తి వెంకయ్య’ అని పిలిచేవారు. పత్తి పండించే మన ప్రాంతం వారు ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి. దేశానికి ఒక జెండా ఉండాలని ఆయన 1916లోనే పుస్తకం వ్రాశారు. బెజవాడలో గాంధీ గారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనా సమర్పించారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తు. రాట్నం బొమ్మ ఉండాలన్న సలహా అంతకు ముందే జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ గారు ఇచ్చి ఉన్నారు. మిగిలిన మతాల వారి కోసం తెలుపు చేర్చాలని గాంధీ గారు అన్నారు. ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’ పత్రికలో ఈ సంగతి వివరించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాము. ఆ జెండాలో సగం రంగు మన పేరున ఉండేది. తరువాత 1931లో రంగులు మారి, వాటికి మతాలతో సంబంధం లేదని కాంగ్రెస్ ప్రకటించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ అశోక చక్రంతో నేటి జెండాను ఆమోదించింది. రంగులకు మతం అంటగట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం కూడా. కాని కృష్ణ ఒడ్డున ఆ రోజు సభలో నిలబడిన ఒక ముస్లిం రైతు, ఒక దూదేకుల సాయిబు ఆ గుడ్డ ముక్కను చూసి “ఇందులో నేనూ ఉన్నాను” అనుకునే వీలుండేది. ఉపన్యాసం అర్థం కానివాడికి కూడా ఆ రెండు రంగులు అర్థమవుతాయి.

ఆ వారంలోనే గాంధీ గారు కాకినాడ పోయారు. అక్కడ జరిగిన ముచ్చట నాకు మహాసభల కంటే గొప్పగా తోస్తుంది. దుర్గాబాయి అనే బాలికకు అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. రాజమండ్రిలో 1909 జూలైలో పుట్టింది. ఆ ఊళ్లో దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు గాంధీ గారిని చూడలేరని ఆమెకు బాధ కలిగింది. బహిరంగ సభకు వారు రారు, వచ్చినా కూర్చోనివ్వరు. వారి కోసం వేరే ఒక సభ పెట్టాలని ఊరి పెద్దలను అడిగింది. అయిదు వేల రూపాయల నిధి సమర్పిస్తే అయిదారు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. చిన్నపిల్ల ఎక్కడ తెస్తుందిలే అనుకొని ఉండవచ్చు. ఆ స్త్రీలు తమలో తాము పోగు చేసి ఆ సొమ్ము సిద్ధం చేశారు. స్థలం దొరకటం మరొక కష్టం. చివరికి ఒక పాఠశాల ఆవరణ దొరికింది. గాంధీ గారు బహిరంగ సభకు పోయే దారిలోనే ఆ బడి ఉన్నది.

వచ్చిన గాంధీ గారు అయిదు నిమిషాల్లో పోలేదు, అరగంటకు పైగా ఉన్నారు. స్త్రీలు చేతి గాజులు, మెడలోని గొలుసులు తీసి ఇచ్చారు. అన్నీ కలిపి ఇరవై అయిదు వేల రూపాయల దాకా అయిందని దుర్గాబాయి గారు తన ఆత్మకథలో వ్రాసుకున్నారు. గాంధీ గారి హిందుస్తానీని ఆ పిల్లే తెలుగులోకి చెప్పింది. అది విని ఆయన బహిరంగ సభకు కూడా ఆమెను వెంట తీసుకుపోయారు. అక్కడ అనువాదం చేయవలసినవారు మన గుంటూరు నాయకులు, దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులు గారు. ఆయన ఉండగానే గాంధీ గారు ఈ పిల్ల చేత చెప్పించారు.

ఇందులో ఆ బాలిక చేసిన పని గమనించండి. వచ్చేవారు ఎవరు, వారికి ఏది అడ్డం అని ముందు ఆలోచించింది. స్థలం, సమయం, భాష మూడూ వారికి తగినట్టు అమర్చింది. పరదా తీసేసి రండి అనలేదు. పరదాలో ఉన్నవారికి కూడా సభ ఉండాలన్నది. ఇవాళ పట్టణాల్లో పెద్ద పెద్ద కాన్ఫరెన్సులు జరిపించటానికి కంపెనీలు ఉన్నాయి, వాటికి లక్షలు చెల్లిస్తారు. వారు నేర్చుకునే విద్య కూడా ఇంతకంటే ఎక్కువ ఉండదనుకుంటాను.

రెండున్నర ఏళ్ల తరువాత అదే కాకినాడలో మహాసభే జరిగింది. 1923 డిసెంబరు 28 నుంచి 1924 జనవరి 1 వరకు. అధ్యక్షులు మౌలానా మహమ్మద్ అలీ జౌహర్. ఆయన గురించి మన ఇళ్లలో తెలియనివారు తక్కువ. ‘కామ్రేడ్’, ‘హమ్‌దర్ద్’ పత్రికలు నడిపారు. 1920లో అలీగఢ్‌లో స్థాపించిన జామియా మిల్లియాకు మొదటి వైస్ ఛాన్సలరు ఆయనే. కాని ఆయనకూ ఆంధ్ర తీరానికీ ముందే ఒక సంబంధం ఉన్నదని చాలామందికి తెలియదు.

1921 సెప్టెంబరు 14న ఆయన గాంధీ గారితో కలిసి మద్రాసు వైపు రైలులో పోతుండగా వాల్తేరు స్టేషన్‌లో ఆయనను అరెస్టు చేశారు. ఆయన సతీమణి అమ్జదీ బేగం గారు కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు. భర్తను పోలీసులు తీసుకుపోయిన తరువాత ఆమె వెనక్కి తిరిగి పోలేదు. గాంధీ గారితో ప్రయాణం సాగించి, ముసుగు తీయకుండానే సభల్లో మాట్లాడారు. ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటూ గాంధీ గారు పత్రికలో వ్రాశారు. మౌలానా గారికి కరాచీలోని ఖాలిక్‌దీనా హాలులో విచారణ జరిగింది, రెండేళ్ల కఠిన శిక్ష పడింది. 1923 ఆగస్టులో విడుదలయ్యారు. నాలుగు నెలలకు ఆంధ్ర వారి మెహమాన్‌గా కాకినాడలో దిగారు. రెండేళ్ల క్రితం సంకెళ్లతో పోయిన తీరానికే మహాసభ అధ్యక్షుడిగా తిరిగి రావటం, అదీ గాంధీ గారు ఎరవాడ జైలులో ఉన్న సమయంలో! ఆ రోజు కాకినాడ స్టేషన్‌లో నిలబడిన జనం ఏమి చూశారో ఊహించుకోవచ్చు.

ఆహ్వాన సంఘానికి అధ్యక్షులు కొండా వెంకటప్పయ్య గారు. ఏర్పాట్ల భారం ఎక్కువగా మోసింది కాకినాడకు చెందిన బులుసు సాంబమూర్తి గారు. ఆ రోజుల్లో మహాసభ అంటే ఆతిథ్యం ఇచ్చే రాష్ట్రం వారు ఆహ్వాన సంఘం ఏర్పరచుకొని, సభ్యత్వ రుసుము, ప్రతినిధుల రుసుము, చూడవచ్చినవారి టికెట్లు, చందాలు కూడబెట్టి పందిరి, వసతి, భోజనాలు, నీళ్లు, దీపాలు అన్నీ చూసుకోవాలి. పైనుంచి ఎవరూ డబ్బు పంపరు. 1920 నాగపూరు నిబంధనల ప్రకారం యాభై వేల జనాభాకు ఒక ప్రతినిధి చొప్పున, దేశం మొత్తానికి ఆరు వేల దాకా ప్రతినిధులు రావచ్చు. ఒక్కొక్కరిది ఒక్కొక్క భాష, ఒక్కొక్క తిండి.

భాష సమస్యకు మళ్లీ ఆ దుర్గాబాయే జవాబు చెప్పింది. ఉత్తరాది వారితో మాట్లాడటానికి వాలంటీర్లకు హిందీ రావాలి. పద్నాలుగేళ్ల ఆ పిల్ల తన ఇంటి దగ్గర హిందీ బడి నడిపి స్త్రీలకు నేర్పింది. ఆమె తల్లి గారు కూడా ఆ బడిలో శిష్యురాలే! మహాసభతో పాటు ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దాని గేటు దగ్గర దుర్గాబాయిని నిలబెట్టి, టికెట్టు లేనిదే ఎవరినీ పంపవద్దన్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు, చేతిలో టికెట్టు లేదు. పిల్ల ఆపేసింది. నిర్వాహకులు కోప్పడ్డారు. చెప్పిన పని చేశానన్నది. చివరికి టికెట్టు కొని తెచ్చిన తరువాతనే లోపలికి పోనిచ్చింది. నెహ్రూ గారు ఆమెను మెచ్చుకున్నారు. ఈ కథ అందరికీ తెలిసినదే. అయితే అందరూ పిల్ల ధైర్యం గురించి చెబుతారు. నేను ఇంకొక సంగతి చెబుతాను. పెద్దవారికి ఒక దారి, చిన్నవారికి ఒక దారి లేని గేటును చూసిన మామూలు జనం ఎంత సంతోషించి ఉంటారు! మన సభల్లో వి.ఐ.పి.లు వచ్చేవరకు పిల్లలను ఎండలో కూర్చోబెట్టే ఆచారం గురించి నేను వేరే వ్యాఖ్యానించను.

ఖద్దరు ప్రదర్శన వట్టి అలంకారం కాదు. అఖిల భారత ఖద్దరు బోర్డు ఈ కాకినాడ సభలోనే ఏర్పడింది. డాక్టర్ హార్డీకర్ గారి హిందుస్తానీ సేవాదళం కూడా ఇక్కడే పుట్టింది. ఉపన్యాసం వినలేని వెనుక వరుస వాడు కూడా ప్రదర్శనలో నూలు వడికే చేతులను చూసి ఏదో ఒకటి నేర్చుకొని పోగలడు. తరువాతి కాలంలో ఈ పద్ధతి ఇంకా పెరిగింది. 1938లో గుజరాతులోని హరిపురలో నందలాల్ బోస్ గారు పల్లె జీవితాన్ని బొమ్మలుగా వేసి పందిళ్లను అలంకరించారు. అధ్యక్షులు సుభాష్ బాబును 51 ఎద్దులు కట్టిన బండి మీద ఊరేగించారు. ఎద్దుల సంగతి అటుంచి, ఆ బొమ్మలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

కాకినాడలో అంతా సవ్యంగా జరిగిందని చెబితే అది చరిత్ర అనిపించుకోదు. సభ ప్రారంభంలో విష్ణు దిగంబర్ పలుస్కర్ గారు వందేమాతరం పాడారు. సభా వేదిక మీద సంగీతానికి అధ్యక్షులు అభ్యంతరం చెప్పారు. పలుస్కర్ గారు పాట ఆపలేదు. ఆ తరువాత ఏమి జరిగిందన్నది ఎవరికి ఇష్టమైనట్టు వారు చెబుతుంటారు. ఇవాళ కూడా ఆ ఒక్క సంఘటన చూపించి మౌలానా గారిని నిందించేవారు ఉన్నారు, పలుస్కర్ గారిని నిందించేవారూ ఉన్నారు. నేను ఒకటే అంటాను. మతంలో నిష్ఠ కలిగిన అధ్యక్షుడిని కోరి ఎన్నుకున్నారు, గొప్ప గాయకుడిని పిలిచారు. ఇద్దరూ గౌరవనీయులే. ఈ ఇద్దరినీ ముందుగా ఒకచోట కూర్చోబెట్టి కార్యక్రమం గురించి ఒక్క మాట అనుకొని ఉంటే నూరేళ్ల మాట మిగిలేది కాదు. అయినా సభ ఆగిపోలేదు, జనవరి 1 దాకా నడిచింది. దేశబంధు చిత్తరంజన్ దాస్ గారి బెంగాల్ ఒప్పందాన్ని, అంటే అక్కడి హిందూ ముస్లిముల మధ్య ఉద్యోగాలు, సీట్లు పంచుకునే ఒప్పందాన్ని, ఆ సభ త్రోసిపుచ్చింది. దాస్ గారు మనసు కష్టపెట్టుకున్నారు. నా దృష్టిలో పాట గొడవ కంటే ఇదే పెద్ద నష్టం.

కాంగ్రెస్ సభతో పాటే ఖిలాఫత్ మహాసభ కూడా కాకినాడలోనే జరిగింది. దానికి మౌలానా గారి అన్నగారు షౌకత్ అలీ అధ్యక్షులు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే ఊళ్లో రెండు మహాసభలకు పెద్దలు! కాని రెండు నెలలు గడిచాయో లేదో, 1924 మార్చి 3న టర్కీ వారే ఖలీఫా పదవిని రద్దు చేశారు. ఏ మాట కోసం అంతమంది జైళ్లకు పోయారో ఆ మాటే లేకుండా పోయింది. మౌలానా గారు 1931 జనవరి 4న లండన్‌లో కన్నుమూశారు, జెరూసలేంలో ఆయనను ఖననం చేశారు.

కాకినాడ తరువాత ఒక చిన్న తమాషా జరిగింది. మౌలానా గారు పట్టుబట్టి నెహ్రూ గారిని కాంగ్రెస్ కార్యదర్శిగా పెట్టుకున్నారు. నెహ్రూ గారికి బిరుదులంటే గిట్టదు. మౌలానా, పండిత్, సయ్యద్, మున్షీ, మిస్టర్ ఇవన్నీ ఉత్తరాల్లో తీసేయాలని ఆయన ఉత్తర్వు చేశారు. అధ్యక్షులు మౌలానా గారు ఆదుర్దాగా టెలిగ్రాం ఇచ్చారు. పాత పద్ధతే సాగించాలి, ముఖ్యంగా గాంధీ గారిని మహాత్మా అనే వ్రాయాలి అని దాని సారాంశం. నెహ్రూ గారే తన ఆత్మకథలో ఇది వ్రాశారు. పాట విషయంలో మౌలానా గారిని సంకుచితుడు అనేవారు ఈ టెలిగ్రాం సంగతి కూడా చెబితే న్యాయంగా ఉంటుంది.

మన మండలానికి దగ్గరి ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. 2015 అక్టోబరు 22న విజయదశమి నాడు ఉద్దండరాయునిపాలెంలో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగింది. మనలో చాలామంది అక్కడ ఉన్నాము. ‘మన మట్టి – మన నీరు’ అని రాష్ట్రంలోని ఊరూరి నుంచి పిడికెడు మట్టి, చెంబెడు నీళ్లు తెప్పించారు. ప్రధానమంత్రి మోదీ గారు పార్లమెంటు ఆవరణలోని మట్టి, యమున నీళ్లు తెచ్చి ఇచ్చారు. రాజకీయాలు నాకు వద్దు. 2019 తరువాత పనులు ఆగిపోవటం, తుళ్లూరులో రైతుల దీక్షా శిబిరం, 2025 మే 2న వెలగపూడి దగ్గర పనులు మళ్లీ మొదలు పెట్టటం అందరూ చూసినవే. కాని ఆ మట్టి ఆలోచన మంచిదే అంటాను. పనులు ఆగిన రోజుల్లో మన ప్రాంతం ఆడవారు “ఊరూరి మట్టి కలిపారు కదా” అనేవారు. పాలకులు ఒక సభలో ఇచ్చిన గుర్తును జనం తరువాత అదే పాలకులను అడగటానికి వాడుకున్నారు. సభ జరిపినవారు అంత దూరం ఆలోచించి ఉండకపోవచ్చు.

ఇక మన సంగతి. మన వార్షిక సభకు వచ్చేవారిలో ఆడవారు సగానికి తక్కువ ఉండరు. పరదా వెనుక వారి వైపు స్పీకరు పెట్టెలు ఉండవు. మాట సరిగా వినపడదు, చంటిపిల్లలు ఏడుస్తుంటారు, మాట్లాడే అవకాశం లేదు. పిల్లవాడికి బహుమతి ఇచ్చేటప్పుడు తల్లికి వాడి వీపు కూడా కనపడదు. ఉపన్యాసాలు సగం ఉర్దూలో, సగం తెలుగులో నడుస్తాయి. పెద్దవారికి తెలుగు భాషణ కష్టం, ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఉర్దూ కష్టం. ఉర్దూ చెప్పే పంతులునే అయినా ఈ మాట ఒప్పుకోక తప్పదు.

కాబట్టి కార్యవర్గం వారికి నా విన్నపం ఇది. వచ్చే సభలో ఆడవారి వైపు ఒక మైకు, రెండు స్పీకర్లు పెట్టించండి. శాలువాల ఖర్చు తగ్గిస్తే ఆ సొమ్ము అందులోనే వస్తుంది. బహుమతి పొందిన పిల్లలు స్టేజీ దిగి నేరుగా పరదా వైపు పోయి తల్లులకు చూపించి వచ్చేటట్టు దారి వదలండి. ఉర్దూ ఉపన్యాసానికి తెలుగులో, తెలుగు ఉపన్యాసానికి ఉర్దూలో అయిదు నిమిషాల సారాంశం చెప్పే పని పదవ తరగతి ఆడపిల్లలకు అప్పగించండి. వారిని తయారు చేసే పూచీ నాది. సభకు పది రోజుల ముందు నుంచి అసర్ నమాజు తరువాత బడి వరండాలో కూర్చోబెట్టి నేర్పిస్తాను.